డిస్కుపై పడిన నింద: పెండ్లి వీడియోలు, డీవీడీ లేఖనమందలి చిక్కులు

తిరుపతి పట్టణమునందును, చిత్తూరు, శ్రీకాళహస్తి, పలమనేరు, మదనపల్లె మొదలైన ఊళ్లయందును, 2000వ సంవత్సరము తరువాతి పదునైదేండ్లలో పెండ్లి జరిగిన యిండ్లను చూచినచో, బీరువా పైయరలోనో, పట్టుచీరల మడతల నడుమనో, వధూవరుల ఛాయాచిత్రము అతికించిన ప్లాస్టిక్ పెట్టె యొకటి కనబడుట సామాన్యము. తిరుమల కొండమీది మఠములలో జరిగినదైనను, తిరుచానూరులోనో కాణిపాకములోనో మండపమున జరిగినదైనను, ఆ పెండ్లి యంతయు రెండు మూడు డీవీడీలలో ఇమిడి ఆ పెట్టెలో నుండును. తిరుమల ఆలయము లోపలికి కెమెరా పోరాదు గనుక మండపమునందలి తంతే ఆ వీడియోకు సర్వస్వము. అట్టి డిస్కును ప్లేయరులో వేయగా తెఱపై ‘నో డిస్క్’ అను మాట కనబడుటయో, బొమ్మ గళ్లుగళ్లుగా చెదరి నిలిచిపోవుటయో, మంత్రము చదువు పురోహితుని పెదవులొక దారిని, ధ్వని యొక దారిని పోవుటయో మన ప్రాంతమున ఎందఱికో అనుభవమైన సంగతియే. ఈ దుఃఖము స్టూడియోలకే పరిమితము కాదు. కంప్యూటరు కొని, ఎడిటింగు సాఫ్ట్‌వేరు నేర్చి, బిడ్డల పుట్టినరోజులను తామే డిస్కుపై ఎక్కింప యత్నించిన గృహస్థులు దీనిని మఱింత ఎక్కువగా ననుభవించిరి.

ఇందు విచిత్రమైన విషయము నిందాక్రమము. పెండ్లివారు స్టూడియోను నిందింతురు. స్టూడియోవారు ఖాళీ డిస్కును నిందింతురు. డిస్కులమ్మిన అంగడివాడు ప్లేయరును నిందించును. ప్లేయరు బాగుచేయువాడు తిరిగి డిస్కునే చూపించును. ఎవ్వరు నిందించినను ఆ నింద చివరిపనియగు లేఖనముపైననే, అనగా రైటింగు, బర్నింగు అని వాడుకలో నున్న ఆ పదినిమిషముల పనిపైననే, వచ్చి పడుచున్నది. ఈ నిందల నన్నింటిని ఒకచోట పరిశీలించి చూచినవారికి తోచునది వేఱు: డిస్కుమీద బయటపడు దోషములలో పెక్కు డిస్కుమీద పుట్టినవి కావు, అవి అంతకుముందే, బొమ్మను కంప్యూటరులోనికి దింపునపుడో, కుదించునపుడో, డీవీడీ రూపమున కూర్చునపుడో పుట్టి, కట్టకడపట ప్లేయరు ముందర బయలుపడుచున్నవి.

ముందుగా డిస్కు స్వరూపమును గూర్చి కొంచెము చెప్పవలయును. డీవీడీ ప్రమాణముపై జపాను, ఐరోపా, అమెరికా కంపెనీలకు 1995లో ఏకాభిప్రాయము కుదరగా, 1996 నవంబరులో అది జపాను విపణిలో ప్రవేశించినది. అంతకుముందు మనయిండ్ల నేలినది 1993లో ఏర్పడిన వీడియో సీడీ. దానిలో బొమ్మ అడ్డముగా 352, నిలువుగా 288 చుక్కలు మాత్రమే. మన దేశపు పాల్ పద్ధతి డీవీడీలో అదే బొమ్మ 720కి 576 చుక్కలైనది. రెండు డిస్కులును 120 మిల్లీమీటర్ల వ్యాసము, 1.2 మిల్లీమీటర్ల మందము కలవే యైనను, సీడీని 780 నానోమీటర్ల లేజరు చదువగా డీవీడీని 650 నానోమీటర్ల ఎఱ్ఱని లేజరు చదువును. సీడీలో చుట్టుకు చుట్టుకు నడుమ 1.6 మైక్రానులు ఎడముండగా డీవీడీలో 0.74 మైక్రాను మాత్రమే. అంత సూక్ష్మమైన లేఖనము గనుక, గీత, ధూళి, వంపు డీవీడీని బాధింపవచ్చును. వ్రాసికొనదగిన మైనస్ ఆర్ డిస్కును పయనీర్ కంపెనీ 1997లోను, దానికి పోటీగా ప్లస్ ఆర్ డిస్కును వేఱొక కూటమి 2002లోను తెచ్చిరి. మన దేశమున నోయిడా ప్రాంతపు మోజర్ బేర్ సంస్థ ఈ ఖాళీ డిస్కులను వీధివీధి అంగడికిని చేర్చినది. ఆ సంస్థయే 2018లో లిక్విడేషను పాలయినది.

పని జరుగు క్రమము నిట్లు చెప్పవచ్చును. కెమెరా టేపునుండి బొమ్మను కంప్యూటరులోనికి దింపుట మొదటిది; అక్కఱలేనిది కోసి, పాటలు, పేర్లు చేర్చుట రెండవది; దానిని ఎంపెగ్–2 అను సంక్షిప్తరూపమునకు మార్చుట, స్టూడియోలలో రెండరింగు అందురు, మూడవది; మెనూలు, అధ్యాయములు పెట్టి డీవీడీ ఫోల్డరుగా కూర్చుట నాలుగవది; లేజరుతో డిస్కుపై వ్రాయుట ఐదవది. గృహోపయోగమునకై వచ్చిన సాఫ్ట్‌వేరులు, యూలీడ్ వీడియోస్టూడియో గాని, పినకిల్ స్టూడియో గాని, విండోస్ విస్టాతో వచ్చిన డీవీడీ మేకరు గాని, కడపటి మూడు పనులను ఒక్క మీటలో ఇమిడ్చి, నొక్కినచో అంతయు జరుగునని చెప్పినవి. సౌకర్యమే, కాని మూడింటిలో ఏది తప్పినను తెఱపై వచ్చు మాట యొక్కటే: బర్నింగు విఫలమైనదని. రెండరింగులో ఆగిపోయిన పనికి గూడ కొత్త డిస్కు తెచ్చి పెట్టువారు, డ్రైవు మార్చువారు కలరు. ఇంత డబ్బు, ఇంత కాలము వ్యర్థమగుటకు ఆ ఒక్క మీటయే కారణమని నా యభిప్రాయము.

కావున డిస్కు లేఖనమునకు సంబంధించిన ప్రథమసూత్ర మిది: డిస్కుపై సూటిగా వ్రాయవలదు. ముందుగా హార్డుడిస్కుమీదనే డీవీడీ ఫోల్డరునో, ఐ.ఎస్.ఓ. అను ప్రతిరూపమునో తయారుచేసి, దానిని కంప్యూటరులో ఆదినుండి అంతము వఱకు ఆడించి చూడవలయును. అది అక్కడనే తడబడినచో దోషము లేఖనమునకు ముందున్నది. అది నిరాటంకముగ సాగి, డిస్కు మాత్రము తడబడినచో దోషము డిస్కులోనో, డ్రైవులోనో, ప్లేయరులోనో ఉన్నది. ఈ యొక్క పరీక్షతో వెదుకవలసిన చోటు సగమునకు సగము తగ్గిపోవును. ప్రతిరూపమును వ్రాయుటకై ఇమ్గ్‌బర్న్ వంటి ఉచిత సాధనములు చాలును. అది 2013 తరువాత కొత్త రూపమెత్తకున్నను నేటికిని ఆ పని చేయుచున్నది.

ఇక అన్నింటికంటె మన ప్రాంతపు పెండ్లివీడియోలను బాధించినది పరిమాణమునకు సంబంధించిన లెక్క. పెట్టెమీద 4.7 జీబీ అని యున్నను, కంపెనీ చెప్పు లెక్క వేయికి వేయి. కంప్యూటరు చూపు లెక్క 1,024కు 1,024. అందుచేత అదే డిస్కు కంప్యూటరు తెఱపై సుమారు 4.38 జీబీగా కనబడును. ఇది ఎఱుగక 4.6 జీబీ సిద్ధముచేసి, చివర చోటుచాలలేదను సందేశమును చూచి డిస్కు నకిలీదని అంగడివానితో కలహించినవారు లేకపోలేదు. ఇంతకంటె ముఖ్యమైనది కాలపు లెక్క. దక్షిణ రాయలసీమలో ముందురాత్రి రిసెప్షను, మఱునాటి తెల్లవాఱుజామున ముహూర్తము జరుగు పద్ధతి విస్తారముగా నున్నది గనుక టేపులు బహుళము. పెండ్లివారికి ఏ బంధువు మొగమును కోయుట ఇష్టముండదు. డిస్కులు మాత్రము తక్కువ కావలయును. 4.7 జీబీలో ఒక గంట వీడియో పెట్టినచో సెకనుకు పది మెగాబిట్లకు పైగా దక్కును. అది డీవీడీ ప్రమాణము మొత్తముమీద ఒప్పుకొను 10.08 మెగాబిట్ల హద్దునే దాటును గనుక చోటు కొదవ లేదు. రెండు గంటలు పెట్టినచో 5.2 మెగాబిట్లు, ఇది చక్కని రాజీ. మూడు గంటలు కుక్కినచో మూడున్నర మెగాబిట్లు మాత్రమే మిగులును. అప్పటికి బొమ్మ చెదరుట తప్పదు. ఆ చెదరుటను ప్లేయరు దోషమనుకొనుట అజ్ఞానము.

ఎక్కడ చెదరునో గూడ ముందే చెప్పవచ్చును. ఎంపెగ్–2 పద్ధతి ప్రతి బొమ్మను పూర్తిగా వ్రాయదు. కొన్ని బొమ్మలను పూర్తిగాను, తక్కినవానిని ముందువెనుకల బొమ్మలకు గల భేదములుగాను వ్రాయును. పీటలమీద కదలక కూర్చున్న వధూవరులను వర్ణించుటకు దానికి కొలది బిట్లు చాలును. కాని తలంబ్రాలు మొదలైనంతనే వేలకొలది గింజలు, ఒకదానితో నొకటి పొంతనలేక, ఒక్కొక్క బొమ్మలో ఒక్కొక్క చోట నుండును. జరీ అంచులు మెఱయును. నాలుగు ప్రక్కలనుండి ఫ్లాషులు వెలిగి మొత్తము తెఱ ఒక్క క్షణము తెల్లబడును. భేదములను వ్రాయు పద్ధతికి ఇంతకంటె కఠినమైన పరీక్ష లేదు. స్థిరమైన బిట్‌రేటుతో కుదించినచో తలంబ్రాలు పసుపుపచ్చని గళ్లుగా మారిపోవును. హద్దులేని అస్థిర బిట్‌రేటుతో కుదించినచో ఆ క్షణమున బిట్ల వఱద తొమ్మిది మెగాబిట్లు దాటి, లేజరుతో వ్రాసిన డిస్కులను కష్టముమీద చదువు చవుకరకపు ప్లేయరు అక్కడనే ఊపిరాడక నిలుచును. రెండు మాఱులు పరిశీలించి కుదించు పద్ధతిని, దీనిని టూపాస్ అందురు, ఎన్నుకొని, గరిష్ఠమును ఎనిమిది మెగాబిట్లకు మించకుండ కట్టడిచేయుట అనుభవజ్ఞుల మార్గము. అందుకు పట్టు కాలము ఇంచుమించు రెండింతలు. పెండ్లి ముగిసిన వారమునకే డిస్కు కావలెనని తొందరించు వారికిని, ఒకే నెలలో ఇరువది ముహూర్తములు చేతబట్టిన స్టూడియోకును ఈ మార్గము రుచింపక పోవుట సహజమే.

ధ్వని విషయమును సామాన్యముగ ఎవ్వరును పట్టించుకొనరు. కుదింపని పి.సి.ఎం. ధ్వని సెకనుకు 1.5 మెగాబిట్లను మింగును. డాల్బీవారి ఏసీ–3 రూపమైనచో 0.2 మెగాబిట్లు చాలును. రెండు గంటల డిస్కులో మొదటిదాని నెన్నుకొన్నచో బొమ్మకు మిగులునది 3.7, రెండవదాని నెన్నుకొన్నచో 5. నాదస్వరము, డోలు మైకు నదరగొట్టి టేపుమీదనే బీటలువాఱిన ధ్వనిని కాపాడుటకై బొమ్మకు గల చోటులో నాలుగవవంతును త్యాగముచేయుట ఏ లెక్కకును పొసగదు. బొమ్మకును ధ్వనికిని పొంతన తప్పుట మాత్రము వేఱు వ్యాధి. అది టేపును దింపునపుడు కొన్ని ఫ్రేములు జాఱిపోవుటవలననో, ఒక్కొక్క క్షణమున ఒక్కొక్క వేగముతో చిత్రించు సెల్‌ఫోను వీడియోను స్థిరవేగపు టైములైనుపై పెట్టుటవలననో కలుగును. పెళ్లికూతురి తమ్ముడు ఫోనులో తీసిన ముక్కను నడుమ అతికించినది మొదలు మంత్రములు వెనుకబడుట ఇందువలననే. అట్టి ముక్కలను ముందుగా స్థిరవేగమునకు మార్చి, ఆ మీదట చేర్చవలయును.

రెండరింగు నడుమ నిలిచిపోవుటకు కారణములు పెక్కు గాని, వానిలో చాలభాగము నీరసమైనవే, వేగముగ దాటిపోవచ్చును. డీవీ టేపు గంటకు సుమారు 13 జీబీ చోటు తీసికొనును. ఫ్యాట్–32 పద్ధతిలో అమర్చిన హార్డుడిస్కుపై ఏ ఫైలును 4 జీబీకి మించరాదు గనుక దాదాపు 20 నిమిషములకే దింపుడు ఆగిపోవును; 4.38 జీబీ ప్రతిరూపమును దానిపై నిలువజాలదు, ఎన్.టి.ఎఫ్.ఎస్. పద్ధతికి మార్చుకొనుటయే మందు. తాత్కాలిక ఫైళ్లను సాఫ్ట్‌వేరు సి–డ్రైవులోనే దాచుకొనును గనుక అక్కడ చోటు లేకున్నచో డి–డ్రైవులో ఎంత యున్నను ప్రయోజనము లేదు. ఫోల్డరు పేరును తెలుగు లిపిలో వ్రాసినచో గుర్తింపలేని పాత సాఫ్ట్‌వేరులు కొన్ని కలవు. మాతృభాషాభిమానులకు ఇది కష్టమే యైనను ఇంగ్లీషు అక్షరములలో చిన్న పేరు పెట్టుట మేలు. ప్రతిసారియు ఒకే చోట ఆగిపోయినచో ఆ చోటనున్న ముక్క చెడినదని గ్రహించి దానిని తీసి చూడవలయును. ఒక్కొక్కసారి ఒక్కొక్క చోట ఆగినచో కంప్యూటరు వేడెక్కుచున్నదని అనుమానింపవలయును. ఉష్ణోగ్రత నలువది డిగ్రీలు దాటు తిరుపతి మే నెలలో, కిటికీలేని మేడమీది గదిలో, దుమ్ముపట్టిన ఫ్యానుతో గంటలకొలది రెండరింగు చేయు యంత్రము ఆగిపోవుటలో ఆశ్చర్యము లేదు. దొంగప్రతులుగా వచ్చిన సాఫ్ట్‌వేరులను గూర్చి వేఱే చెప్పనేల? అంగములు తెగిన సాఫ్ట్‌వేరుతో పనిచేయుచు, దోషము డిస్కుదనుట న్యాయము కాదు.

బొమ్మ నిలువదు గాని, కదలిక ఉన్నచోట నెల్ల, వధువు నడచి వచ్చునపుడో, పిల్లలు పరుగెత్తునపుడో, అంచులు దువ్వెనపండ్లవలె చీలి వణకుచున్నచో దానికి కారణము ఫీల్డుల క్రమము. పాతకాలపు టీవీ పద్ధతిలో ఒక్కొక్క ఫ్రేము సరిసంఖ్య గీతలు, బేసిసంఖ్య గీతలు అను రెండు సగములుగా వచ్చును. డీవీ కెమెరాలు క్రిందిసగమును ముందు పంపును; పిదప వచ్చిన హెచ్.డి.వి. కెమెరాలు పైసగమును ముందు పంపును. రెండు రకముల కెమెరాలతో తీసిన పెండ్లిని ఒకే ప్రాజెక్టులో కూర్చి, క్రమము సరిచూడక కుదించినచో, కాలము రెండడుగులు ముందుకును ఒకయడుగు వెనుకకును వేయును. కంప్యూటరు తెఱ దీనిని చాలవఱకు మఱుగుపఱచును, టీవీయే బయటపెట్టును. అందుచేత ఎడిటింగు గదిలో ఒక పాత టీవీ నుంచుకొనుట వృథా ఖర్చు కాదు.

విదేశములలోని బంధువుల కథ మఱియొకటి. తిరుపతిలో జరిగిన పెండ్లి డిస్కు అమెరికాలోని అన్నకు చేరగా అక్కడ ఆడదు. వెంటనే రీజియను కోడు అడ్డుపడినదని నిర్ధారింతురు. భారతదేశము ఐదవ రీజియను, అమెరికా మొదటిది యనుట నిజమే. కాని ఆ తాళము సినిమా కంపెనీలు తమ డిస్కులకు వేసికొనునది. ఇంటిలో వ్రాసిన డిస్కుకు సాధారణముగ ఏ రీజియను నిర్బంధమును ఉండదు. అడ్డుపడునది పాల్ పద్ధతి. మనది సెకనుకు 25 ఫ్రేములు, 576 గీతలు, వారిది ఎన్.టి.ఎస్.సి., 29.97 ఫ్రేములు, 480 గీతలు. మన ప్లేయరులు చాలవఱకు రెంటిని ఆడించును. అమెరికాలో అమ్మిన ప్లేయరులలో పెక్కు తమదానినే ఆడించును. పాల్ బొమ్మను ఎన్.టి.ఎస్.సి.కి మార్చుట సాధ్యమే గాని, గీతలు తగ్గి, కదలిక కుంటుపడును. కంప్యూటరుకు ఈ భేదము పట్టదు గనుక ఆ డిస్కునే కంప్యూటరులో చూడుమని చెప్పుట ఉత్తమము. తప్పనిసరియైనచో మార్చిన ప్రతిలో ధ్వని ఏసీ–3గానో పి.సి.ఎం.గానో ఉండవలయునని మఱవరాదు.

కూర్పులో జరుగు తప్పు ఒక్కటి చెప్పి లేఖనమునకు పోదము. ఎడిటింగు ముగిసిన ఫైలును ఎలుకతో లాగి డిస్కుపై పడవేసి, అది డీవీడీ యైనదని భావించుట కొత్తవారి సామాన్యభ్రమ. అది డేటా డిస్కు మాత్రమే. వీడియో డిస్కులో వీడియో–టి.ఎస్. అను ఫోల్డరుండి, అందు ఒక్కొక్కటి 1 జీబీకి మించని వి.ఓ.బి. ఫైళ్లును, ఎక్కడ ఏమున్నదో చెప్పు ఐ.ఎఫ్.ఓ. ఫైళ్లును, వాని నకళ్లును ఉండవలయును. ఆ ఫోల్డరును మఱియొక ఫోల్డరులో పెట్టి వ్రాసినను ప్లేయరు కనుగొనజాలదు. కంప్యూటరులో ఆడి టీవీ ప్లేయరులో ఆడని డిస్కు చేతికి వచ్చినప్పుడు మొదట చూడవలసినది ఈ ఫోల్డరునే.

లేఖన మనగా ఏమి? డిస్కులోని సేంద్రియ రంగుపొరను లేజరుతో వేడిచేసి, కాంతిని ప్రతిఫలింపని చుక్కలను ఏర్పఱచుట. ఆ రంగు ఏ రకమో, దానికి ఎంత శక్తి కావలెనో డిస్కు లోపలి అంచున గల తయారీగుర్తు చెప్పును. డ్రైవు తన స్మృతిలోని పట్టికలో ఆ గుర్తును వెదకి, లోపలి అంచున కొంచెము వ్రాసి చూచి, శక్తిని సరిచేసికొనును. ‘పవర్ క్యాలిబ్రేషన్ ఎర్రర్’ అను సందేశము వచ్చినచో ఈ పరీక్ష కుదరలేదని యర్థము: డిస్కు ఆ డ్రైవునకు అపరిచితమైనది, లేదా డ్రైవు లేజరు వృద్ధాప్యమున పడినది. మొదటిదైనచో కంపెనీ మార్చి చూడవలయును, డ్రైవు ఫర్మ్‌వేరు కొత్తది యున్నచో తెచ్చుకొనవలయును. రెండవదైనచో డ్రైవునే మార్చవలయును. మైనస్, ప్లస్ భేదము తొలినాటి ప్లేయరులకే ముఖ్యము; పాత ప్లేయరులున్న యిండ్లకు మైనస్ ఆర్ పంపుట కొంత క్షేమము. తిరిగి వ్రాయదగిన ఆర్.డబ్ల్యు. డిస్కు కాంతిని తక్కువగా ప్రతిఫలించును గనుక పరీక్షకు తప్ప బహుమతికి పనికిరాదు. రెండుపొరల 8.5 జీబీ డిస్కులో ఒక పొరనుండి మఱియొక పొరకు దుముకు క్షణమున ప్లేయరు తటపటాయించును. రెండు ఒంటిపొర డిస్కు లిచ్చుటయే సుఖము.

వేగమును గూర్చి మన స్టూడియోలలో వేదవాక్యముగ చెల్లునది, ఎంత మెల్లగా వ్రాసిన అంత మంచిదని. ఇది సగము సత్యము. ఒక ఎక్స్ అనగా సెకనుకు సుమారు 1.385 మెగాబైట్లు, 16 ఎక్స్ వేగమున అంతయు ఐదారు నిమిషములలో ముగియును గాని బయటి అంచున డిస్కు అదరి, చుక్కలు వికలమగు ప్రమాదము కలదు. అందుచేత గరిష్ఠవేగము కూడదనుట నిజము. కాని 16 ఎక్స్ కొఱకు తయారైన రంగుపొరను 2 ఎక్స్ వేగమున వ్రాసినచో, అది ఉద్దేశింపబడిన దానికంటె భిన్నమైన వేడిని పొందును. ఫలితము మెఱుగగునను నియమము లేదు, క్షీణించుటయు కలదు. మధ్యమవేగము, 8 ఎక్స్ లేక దానికి సమీపము, చాల డిస్కులకు తగియున్నది. వ్రాసిన పిమ్మట సరిచూచు వెరిఫై పనిని కాలహరణమని మానుటకంటె పెద్ద పొరపాటు లేదు.

లేఖనము నడుమ కరెంటు పోయిన డిస్కును గూర్చి చెప్పవలసినది తక్కువ. 2000వ సంవత్సర ప్రాంతమున సాన్యో సంస్థ తెచ్చిన బర్న్‌ప్రూఫ్ వంటి ఏర్పాటులు, కంప్యూటరు క్షణకాలము దత్తాంశము నందింపలేకున్నను లేజరును ఆపి, తిరిగి అక్కడినుండియే సాగించును. యాంటీవైరసువలనను, ఇతర పనులవలనను డిస్కులు చెడుట ఇందుచే చాల తగ్గినది. కాని అది కరెంటు కోతకు మందు కాదు. 2012, 2013 సంవత్సరములలో ఉమ్మడి రాష్ట్రమున గంటలకొలది కోతలు విధించిన కాలమున, యూపీఎస్ లేని స్టూడియోలో ఫైనలైజు కాని డిస్కు, అనగా ముగింపుముద్ర పడని డిస్కు, చెత్తబుట్టకు తప్ప మఱెందుకును పనికిరానిదైనది.

రోగమును చోటునుబట్టి గుర్తించు నేర్పు ఇచ్చట చాల ఉపకరించును. డీవీడీని లోపలినుండి వెలుపలికి వ్రాయుదురు. మొదటనే ‘నో డిస్క్’ అని వచ్చినచో లోపలి అంచు చదువబడుట లేదు: ఫైనలైజు కాలేదు, లేక ప్లేయరు కన్ను మసకబారినది. మొదలు బాగుండి కడపట చెడినచో బయటి అంచు చెడినది. అచ్చటనే వ్రాయువేగము ఎక్కువ, వంపు ఎక్కువ, వేలిముద్రలు ఎక్కువ. “అన్నా, అప్పగింతల కాడికి వచ్చేసరికి నిలిచిపోతా ఉండాది” అని చిత్తూరు పెండ్లివారు స్టూడియోవానితో మొఱపెట్టుకొనుట ఇందువలననే; పెండ్లిలో కడపటి ఘట్టము అప్పగింతలు, డిస్కులో కడపటి చోటు బయటి అంచు. డిస్కును అంచువఱకు నింపక, కొంత ఖాళీ విడిచినచో ఈ బాధ చాలవఱకు తీఱును. అన్ని ప్లేయరులలోను ఒకేచోట నిలిచినచో డిస్కు దోషము. ఒక్కొక్కదానిలో ఒక్కొక్కచోట నిలిచినచో ప్లేయరుల దోషము.

వధూవరుల బొమ్మగల కాగితపు స్టిక్కరును డిస్కుపై అతికించు మన ఆచారమును మాత్రము నేను నిర్మొగమాటముగ ఖండింపవలసియున్నది. ఆ కాగితము ఏ కొంచెము ఒకప్రక్కకు జరిగినను తిరుగుడు తూకము తప్పును; వేసవి వేడికి జిగురు సాగి, కాగితము ముడుచుకొని డిస్కును వంచును; ఊడదీయబోయినచో పైపొర చిఱుగును. వ్రాసిననాడు చక్కగా ఆడి, రెండు వేసవుల తరువాత ఆడని డిస్కులను చూచినచో మొదట ఈ స్టిక్కరును అనుమానింపుడు. ప్రింటరుతో నేరుగా ముద్రించుకొనదగిన తెల్లని డిస్కులు చాలకాలముగ దొరకుచుండగా ఈ కాగితము అనవసరము.

ఈ సాఫ్ట్‌వేరులలో నేడు మిగిలినవి స్వల్పము. యూలీడు, పినకిల్ రెండును చేతులు మారి కడకు కోరెల్ సంస్థను చేరినవి; అడోబీ ప్రీమియరుకు తోడుగా నుండి మెనూలు కూర్చుటలో మేటి యనిపించుకొన్న ఎన్‌కోరు సి.ఎస్.6తో నిలిచిపోయినది, విండోస్ 8 వచ్చుసరికి డీవీడీ మేకరు మాయమైనది. పెండ్లి ఎడిటర్లు అభిమానించిన ఎడియస్ వంటివి ఎడిటింగునకు నిలిచియున్నను, కొత్త ల్యాప్‌టాపులకు డిస్కు డ్రైవే లేదు. స్టూడియోలు పెన్‌డ్రైవునకు, యూట్యూబు ప్రత్యక్షప్రసారమునకు మారినవి. ఇందువలన డీవీడీ లేఖన సమస్య తీఱలేదు, రూపము మార్చుకొన్నది: నిన్న డిస్కుపై వ్రాయుటెట్లనునది ప్రశ్న, నేడు దానిపైనున్నదానిని బయటికి తీయుటెట్లనునది ప్రశ్న. తాళ్లపాక కవుల సంకీర్తనలు రాగిరేకులపై చెక్కబడి, తిరుమల ఆలయపు భాండాగారమున శతాబ్దములు నిలిచి, 20వ శతాబ్దిలో మనకు దక్కినవి. ఈ రంగుపొరకు అంతటి ఆయుష్షును ఎవ్వరును వాగ్దానము చేయలేదు. ఎండ, వేడి, తేమ దానిని నానాటికి హరించుచునే యున్నవి; స్టూడియోలలో మూలప్రతులు చాలవఱకు ఎన్నడో చెఱిపివేయబడినవి.

కాబట్టి చదువరులకు నా మనవి యిది. మీ యింట పెండ్లి డిస్కులున్నచో, అవి నేడు ఆడుచున్నను సరియే, యూఎస్‌బీతో కలుపు డీవీడీ డ్రైవు నొకదానిని కొనియో ఎరవు తెచ్చియో, మెత్తని నూలుగుడ్డతో డిస్కును నడుమనుండి అంచువైపు తుడిచి, ఒక్కొక్కదానిని ఐ.ఎస్.ఓ. ప్రతిరూపముగ హార్డుడిస్కుమీదికి దింపుకొనుడు. ఒక డ్రైవు చదువనిది మఱియొక డ్రైవు చదువుట కలదు గనుక మొదటి వైఫల్యముతోనే డిస్కును పాఱవేయకుడు. దింపిన దానిని మఱల చిన్నదిగా కుదింపక, ఉన్నదున్నట్లుగా రెండు చోట్ల దాచుడు. ఒకటి మీ యింట, మఱియొకటి మీ యాడపడుచు ఇంట. ఒక డిస్కుకు పట్టు చోటు 5 జీబీకి లోపే. నేటి సామాన్యమైన పెన్‌డ్రైవులో అట్టివి పండ్రెండు పట్టును.